నక్క కట్టిన కొబ్బరాకు ముడి

లాలోమాయి దీవిలో తెల్లారగట్ల మొదట లేచేది కోడిపుంజు కాదు, సముద్రం. అది పగడపు దిబ్బ మీద ఒక్క దెబ్బ వేస్తే ఆ చప్పుడుకి పుంజు లేస్తుంది. పుంజు కూతకి ఊరు లేస్తుంది. ఊరంటే కొబ్బరిచెట్లు, సీమపనస చెట్లు, వాటి నీడన బతికే పందులు, కోళ్లు, కొబ్బరి పీతలు.

ఊరి పెద్ద తుయి అనే ముసలి పంది. పెద్దరికం ఎక్కువ కాబట్టి మాట తక్కువ. ఆయన మనసులో మాట పదిమందికీ చెప్పడానికి మాలో అనే కోడిపుంజు ఉన్నాడు. ఆ ఇద్దరూ మర్చిపోయినవన్నీ గుర్తుపెట్టుకోవడానికి మేలే అవ్వ ఉంది. అవ్వ కొబ్బరి పీత. కొండీతో టెంకాయ ఒలుస్తుంది, ముక్కుతో ఊరి గుట్టు ఒలుస్తుంది.

ఒకరోజు ఆ దీవి ఒడ్డున ఒక సరుకుల ఓడ ఆగింది. కాకినాడ రేవులో బయల్దేరిన ఓడ. దారిలో ఇంజను చెడింది. బాగుచెయ్యడానికి పది రోజులు పడుతుందని, ఓడవాళ్లు అందులో ఉన్న ఎద్దుని మేత కోసం ఒడ్డుకి దింపారు. ఎద్దు పేరు సోమన్న. నెమ్మదస్తుడు. అతని గడ్డిమోపులోంచి ఇంకొకడు దుమ్ము దులుపుకుంటూ దిగాడు. వాడు గుర్నాథం అనే నక్క. వాణ్ణి ఎవరూ ఓడ ఎక్కించలేదు, వాడే ఎక్కాడు.

"చూశావా సోమన్న బావా, నక్క ఎక్కడ, నాగలోకం ఎక్కడ అంటారు. ఇదిగో, వచ్చేశాం," అన్నాడు గుర్నాథం.

"వచ్చాం సరే. ఎవరిదో ఊరు. అడిగి అడుగు వెయ్యి," అన్నాడు సోమన్న.

అంతలో మాలో రెక్కలు సర్దుకుని ఎదురొచ్చాడు. వెనక తుయి, పక్కన మేలే అవ్వ. చాప పరిచి, కొబ్బరిచిప్పలో కావా వేరు కలిపిన నీళ్లు పట్టుకొచ్చారు. జంతువుల మాట ఏ తీరానైనా ఒకటే, మర్యాదలే వేరు.

సోమన్న నోరు తెరవబోయి ఆగాడు. "అయ్యా, మీ ఊళ్లో కొత్తవాళ్లు నిలబడి మాట్లాడతారా, కూర్చుని మాట్లాడతారా?"

మాలో ముఖం విప్పారింది. "కూర్చునే. పెద్దవారి తల కంటే మన తల ఎత్తులో ఉండకూడదు."

అంత ఎద్దూ మోకాళ్లు మడిచి, గడ్డం ఇసకకి ఆనించి కూర్చున్నాడు. చిప్ప రెండు గిట్టల మధ్య పట్టుకుని తాగాడు. అది మట్టి కలిపిన కషాయంలా ఉంది. ముఖం చిట్లించకుండా మింగి, తన మెడలో గంటల పట్టెడ తీసి తుయి ముందు పెట్టాడు. "ఉత్త చేతుల్తో రావడం మా వైపు కూడా మర్యాద కాదండీ."

గుర్నాథం మాత్రం నిలబడే ఒక గుక్క తాగి, తుపుక్కున ఉమ్మి, "తినడానికేం ఉంది?" అన్నాడు.

పెట్టారు. ఆ ఊళ్లో అతిథి తిన్నాకే ఇంటివాళ్లు తింటారు. గుర్నాథం తింటూనే ఉన్నాడు. కోడిపిల్లలు చూస్తూనే ఉన్నాయి.

భోజనాలయ్యాక మాలో ఊరంతా తిప్పి చూపించాడు. ఒడ్డున పాతిన ఒక గుంజకి కొబ్బరాకు ముడేసి ఉంది.

"ఈ ముడి కనిపిస్తే ఆ చోటి జోలికి ఎవరూ వెళ్లకూడదు. ఇప్పుడు పగడపు దిబ్బకి లోపలి నీళ్లలో చేపలు గుడ్లు పెడుతున్నాయి. పౌర్ణమి దాకా అక్కడ వేట లేదు. దీన్ని తపు అంటాం."

"మా వైపు తప్పు అంటాం. ఒక ఒత్తు ఎక్కువ, అంతే," అన్నాడు సోమన్న.

"కాపలా ఎవరుంటారు?" అని అడిగాడు గుర్నాథం.

"కాపలా ఎందుకు? ముడి ఉందిగా," అన్నాడు మాలో.

ఆ మాటకి నక్క చెవులు రెండూ నిటారుగా లేచాయి.

కాస్త దూరంలో రాళ్లు కప్పిన గొయ్యి ఉంది. సీమపనస పళ్లు దంచి, ఆకులు పరిచి, అందులో మగ్గబెట్టారు. పుల్లపుల్లగా వాసన. "గాలివాన వచ్చిన ఏడాది చెట్టు మీద ఒక్క కాయ మిగలదు. పిల్లలకి అప్పుడు ఈ గొయ్యే తల్లి. రోజూ పొద్దున్నే మా పెట్టలు వచ్చి పాడైన ఆకులు మార్చిపోతాయి," అని చెప్పింది మేలే అవ్వ.

మర్నాడు పొద్దున పెట్టలు వచ్చేసరికి ఆ గోతి పక్కన ఒక పుల్ల, పుల్లకి కొబ్బరాకు ముడి. పెట్టలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

"పెద్దాయన కట్టారు కాబోలు."

"ఎందుకో?"

"ఎందుకని అడిగితే అది తపు ఎందుకవుతుందే?" అనుకుని వెనక్కి వెళ్లిపోయాయి.

ఎండ నడినెత్తికెక్కి ఊరు కునుకు తీసే వేళ గుర్నాథం మెల్లగా వెళ్లి, రాయి జరిపి, మెడదాకా గోతిలోకి వంగి మెక్కేవాడు. నాలుగు రోజులు అదే పని.

"బావా, ఎంత మంచి జనం! తాళం లేదు, కాపలా లేదు. ఒక ఆకు చాలు," అని సోమన్న దగ్గర నవ్వేవాడు, ఏ ఆకో చెప్పకుండా.

సోమన్నకి అవన్నీ వినే తీరిక లేదు. కోడిపిల్లలు అతనికి ఆట నేర్పుతున్నాయి. ఆ దీవి నాట్యంలో ప్రతి కదలికకీ ఒక అర్థం ఉంది. ఇది అల, ఇది దారి చూపే చుక్క, ఇది పడవలో వచ్చిన మొదటి అమ్మమ్మ. సోమన్నకి చేతులు లేవు కాబట్టి కొమ్ములతో అల వేశాడు. నడుం ఊపేసరికి అరటిచెట్టు ఒకటి పడిపోయింది. పిల్లలు పొర్లి పొర్లి నవ్వాయి. సోమన్న సిగ్గుపడి, చెట్టు లేపి నిలబెట్టి, "అమ్మమ్మ ఏ దిక్కునుంచి వచ్చిందో ఇంకోసారి చెప్పండమ్మా," అన్నాడు.

ఐదోరోజు మేలే అవ్వ గుర్నాథం పక్కనుంచి వెళ్తూ ఆగింది. ముక్కు ఆడించింది.

"ఏవిటి బాబూ, పుల్లటి వాసన?"

"సముద్రపు గాలి అవ్వా."

"డెబ్బై ఏళ్లుగా పీలుస్తున్నా. ఎప్పుడూ పులియలేదే," అంటూ అవ్వ తిన్నగా గోతి దగ్గరికి నడిచింది. ముడి చూసింది. తుయి కట్టే ముడి కుడివైపు తిరుగుతుంది. ఇది ఎడమకి తిరిగి ఉంది. రాయి కింద తొంగిచూస్తే గొయ్యి సగం ఖాళీ.

అవ్వకి కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. కోపాన్ని అక్కడే వదిలి, నవ్వుని పట్టుకుని తుయి దగ్గరికి వెళ్లింది.

తుయి అంతా విని, "అతిథిని కొట్టకూడదు," అన్నాడు.

"కొట్టమని ఎవరన్నారు? గౌరవిద్దాం," అంది అవ్వ.

తుయి పొట్ట చాలాసేపు ఊగింది. ఆయన నవ్వు అంతే, బయటికి వినపడదు.

ఆ సాయంత్రం అందర్నీ చాపల మీద కూర్చోబెట్టి, మాలో గొంతు సవరించుకున్నాడు. "గోతికి ముడి మా పెద్దాయన కట్టలేదు. అంటే ఆయన కంటే గొప్పవారెవరో కట్టారు. అంతటి దొర మన మధ్య ఉంటే గుర్తుపట్టలేకపోయాం. ఇంటివాళ్లకి ఇంతకంటే సిగ్గుచేటు ఉందా? ఎవరో చెప్పండి, దొరమర్యాదలు చేసుకుంటాం."

గుర్నాథం గుటక వేశాడు. మామూలు మర్యాదకే అంత తిండి పెట్టారు, దొరమర్యాదకి ఎంత పెడతారో! లేచి తోక విదిలించాడు.

"నేనే. చెప్పుకోవడం ఎందుకని ఊరుకున్నా. మా అడవికి నేనే రాజుని."

సోమన్నకి పొలమారింది. "గుర్నాథం, ఆ మాట వెనక్కి తీసుకోరా," అని గొణిగాడు.

"నీకు కుళ్లు బావా," అన్నాడు నక్క.

ఊరంతా ఒక్కసారిగా తలలు వంచింది. రాతి తిన్నె మీద ఏడు చాపలు పరిచి గుర్నాథాన్ని ఎక్కించారు. కింద మట్టిపొయ్యిలో చేపలు, కందదుంపలు, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర. ఆకులు విప్పగానే ఆవిరి తిన్నె దాకా వచ్చింది. గుర్నాథం దూకబోయాడు.

"అయ్యో దొరా, దిగకండి!" అని మాలో రెక్కలు అడ్డంపెట్టాడు. "గొప్ప దొర కాలు పెట్టిన నేల ఆ దొరదే అయిపోతుంది. తర్వాత మేమెక్కడ నడవాలి?"

"సరే, ఇక్కడికే తెండి."

"తెస్తాం. కానీ దొర ముట్టుకున్న తిండి తపు. మీ పంజాతో మీరు తినకూడదు. ఇంకొకరు నోటికి అందించాలి."

"అయితే అందించండి, తొందరగా!"

మేలే అవ్వ రెండు కొండీలూ జోడించింది. "మీకు సరితూగే దొరే అందించాలి నాయనా. మీరు మా పెద్దాయన ముడినే మించినవారు. అంతటివారు ఈ దీవిలో మరొకరు లేరు. ఏం చేస్తాం, మా ఖర్మ."

నక్క కుడితిలో పడ్డ ఎలుకలా నోరు తెరిచాడు. నీళ్లకి మాత్రం తపు లేదు కాబట్టి మాలో కొమ్మ మీదనుంచి కొబ్బరినీళ్లు వాడి నోట్లోకి పోశాడు. కింద సోమన్న పిల్లలతో కలిసి తింటున్నాడు. వాడి వైపు చూసినప్పుడల్లా ముద్ద దిగడం లేదు.

మర్నాడు మెడలో దండ వేశారు. పొగడ్తలు పాడారు. గుర్నాథం కడుపు ఆ పాటకి తాళం వేసింది. ఆ పై రోజు పొద్దునకి దొరతనం పూర్తిగా అరిగిపోయింది.

"బావా," అని పిలిచాడు సన్నగా. "నన్ను కిందికి దింపే దారి చెప్పు."

"నాకేం తెలుసు? తెలిసినవాళ్లని అడుగుతా," అని సోమన్న అవ్వ దగ్గరికి వెళ్లాడు. వచ్చేటప్పుడు కొమ్ముల మీద ఒక పాత చాప తెచ్చాడు. "ఇక్కడ తప్పు చేసినవాడు పెద్దాయన ఇంటిముందు మోకాళ్లమీద కూర్చుని, నెత్తిన చాప కప్పుకోవాలట. ఆయన వచ్చి తీసేదాకా కదలకూడదు. తియ్యకపోవచ్చు కూడానట."

గుర్నాథం దిగి, తుయి ఇంటిముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. చాప కప్పుకున్నాక పక్కన ఏదో పెద్దది దబ్బున కూలబడింది. చూస్తే సోమన్న. సగం చాప తన నెత్తిన వేసుకున్నాడు.

"నువ్వెందుకు బావా? తిన్నది నేను కదా!"

"ఒక ఓడలో వచ్చాం. వీళ్లు రేపు 'ఆ నక్క' అనరు, 'ఆ ఊరివాళ్లు' అంటారు. జరుగు, నా కొమ్ము తగుల్తోంది."

ఎండ మండింది. చెమటతో పాటు గుర్నాథం ముక్కుమీంచి ఇంకేదో జారింది. జన్మలో మొదటిసారి వాడికి జిత్తు ఏదీ తోచలేదు. "ముడి నేనే కట్టాను. గొయ్యి నేనే తిన్నాను. పిల్లల తిండి అని తెలిసే తిన్నాను," అని చాప లోపలినుంచే గట్టిగా చెప్పాడు.

చాలాసేపటికి చాప లేచింది. ఎదురుగా తుయి. ఆయన గొంతు ఆ ఊరు విని ఎన్నాళ్లయిందో. "ఎద్దుకి నీడ చూపించండి. నక్కకి రోకలి చూపించండి," అన్నాడు.

ముందు ఇద్దరికీ అన్నీ పెట్టారు. క్షమించాక ఆకలితో పని చేయించడం ఆ ఊరి పద్ధతి కాదు. తర్వాత పని మొదలైంది. ఓడ కదిలే దాకా సోమన్న చెట్లని భుజంతో ఊపి పళ్లు రాల్చాడు. గుర్నాథం వాటిని ఏరి, తొక్క తీసి, దంచి, గోతిలో నింపాడు. గోళ్లు అరిగాయి, నడుం విరిగింది. పెట్టలు గట్టున కూర్చుని, "ఇక్కడ ఉండలు మిగిలాయి దొరా, ఇంకాస్త దంచండి దొరా," అని వంకలు పెట్టాయి.

ఆఖరి ఆకు కప్పి, రాయి పెట్టి గుర్నాథం చెమట తుడుచుకున్నాడు.

"అవ్వా, దీన్ని ఎప్పుడు తెరుస్తారు?"

"గాలివాన వచ్చినప్పుడు."

"అప్పుడు నన్ను తలుచుకుంటారా?"

"ఎందుకు తలుచుకోం నాయనా," అంది మేలే అవ్వ. "పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుని, పులుపుకి కళ్లు మూసుకున్న ప్రతిసారీ తలుచుకుంటాం."

పొరుగూరి కట్టుబాటు తలవంచినవాడికి గొడుగు, దొంగిలించినవాడికి బోను.