రాగి మీద ఇనుప పరమాణువు

పరిశోధక విద్యార్థిని హైమవతి ప్రయోగంలో పెట్టిన ఇనుప పరమాణువు మళ్ళీ మొండికేసింది. రాగి పలక మీద ఒంటరిగా కూర్చోబెట్టింది కదా, చిన్న అయస్కాంతంలా ఒక దిక్కు పట్టుకుని ఉండాలి. ఉండలేదు. రాగిలో తిరుగాడే ఎలక్ట్రాన్లు దాన్ని పట్టుకుని ఎటుపడితే అటు తిప్పేశాయి. ఒక్క క్షణం ఒక దిక్కున నిలవనివ్వలేదు.

అది చూసి ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పరమాణువు కోసం ఏడ్చేవాళ్ళు లోకంలో అట్టే మంది ఉండరు. కానీ ఆమెకు అందులో తనే కనిపించింది. మొన్నామధ్య తనకు తోచిన కొత్త ఆలోచన చెబితే, తోటి విద్యార్థి మస్తాన్ నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. వాళ్ళతో పాటు తనూ నవ్వేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

అప్పట్నుంచి ప్రయోగశాలలో చెక్క అడ్డుగోడ అవతల వాళ్ళంతా భోంచేస్తుంటే, ఇవతల ఒక్కతే డబ్బా విప్పుకుంటోంది. మొదట్లో పిలిచారు. తర్వాత మానేశారు. మానేసినందుకు ఎంత బాధపడిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఇవతలి బల్ల దగ్గరున్న ప్రొఫెసర్ కూర్మారావు గారి ముందుకెళ్ళి నిలబడింది.

"ఇంక ప్రయోగాలు చెయ్యను మాస్టారూ. ఏ లోహమూ తగలకుండా శూన్యంలో ఒక్కటే ఉంటే, పరమాణువు గుణం పరమాణువుకుంటుంది. ఆ లెక్కలు చేసుకుంటాను. నా గదిలోనే కూర్చుని చేసుకుంటాను."

"ఇటు రానే రావా?"

"రాను."

 ఆయన సొరుగు వెతికి, పిల్లలకు శబ్దం పాఠం చెప్పేటప్పుడు మోగించే రెండు కొమ్ముల శృతిదండం తీశారు. చెప్పు మడమకేసి కొట్టి, కాడను బల్లకు ఆనించారు. బల్లంతా గుంయ్‌మంది. అవతలివాళ్ళు ఏమిటా అనుకునేలోపే ఆగిపోయింది.

"చూశారా, బల్ల మింగేసింది," అంది హైమవతి, గెలిచినట్టుగా.

ఆయన మళ్ళీ అంతే గట్టిగా కొట్టి, ఈసారి చెయ్యి చాచి గాలిలో పట్టుకున్నారు. ఏమీ వినిపించలేదు. అలాగే నిలబడ్డారు. చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది.

"ఆగిపోయిందా అమ్మా?"

"ఎప్పుడో ఆగిపోయింది."

ఆయన దాన్ని తెచ్చి ఆమె వేలికి తాకించారు. వేలు జివ్వుమంది.

"మోగుతూనే ఉంది," అన్నారు. "ఈ గదిలో ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ వినపడలేదు."

 హైమవతికి హాస్టల్ గది, నాలుగు గోడలు, ఎవరితోనూ అనని మాటలు అన్నీ గుర్తొచ్చాయి. వేలు రుద్దుకుంటూ అడిగింది.

"మరి బల్ల మీద పెడితే పోతుంది కదా మాస్టారూ?"

కూర్మారావు గారు జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతపెట్టి బల్ల మీద పరిచారు.

"రాగికీ ఇనుముకీ మధ్య ఓ పొర వేసి చూడు. కరెంటును తేలిగ్గా పోనివ్వని పొర. మరీ మందం వద్దు. ఆ పరమాణువు మాట మనకు వినపడాలి."

శృతిదండం ఆమె చేతికిచ్చి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

ఆమె కొట్టి, రుమాలు మీద నిలబెట్టింది. సన్నటి మోత పుట్టింది. బల్ల అందుకుంది గానీ మింగలేదు. మోత సాగుతూనే ఉంది.

అడ్డుగోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరది?" అన్నాడు మస్తాన్.

హైమవతి మాస్టారి వంక చూసింది. ఆయన కిటికీ బయటికి చూస్తున్నారు.

"నేనే," అంది.