సముద్రం కాళ్ళు కడుక్కున్న రోజు

ఒకప్పుడు పీత కూడా మనలాగే ముందుకి నడిచేది. ఛాతీ విరుచుకుని, డెక్కలు ఊపుకుంటూ మహా దర్జాగా నడిచేది.

మరి దాని ఉద్యోగం అలాంటిది. ఇటు సముద్రం, అటు అచ్చియ్యమ్మ వరిచేను, మధ్యన మట్టిగట్టు. ఆ గట్టుకి పీతే కాపలా. అచ్చియ్యమ్మ రోజూ దానికో అన్నం ముద్ద పెట్టి, "గట్టుకి చిల్లి పడిందంటే చేనూ పోద్ది, మంచినీళ్ళ నుయ్యీ పోద్ది. ఏడాదంతా ఏం తింటాం? జాగ్రత్తరా!" అనేది.

ఒకరోజు సముద్రం గట్టు దగ్గరికొచ్చి, ఎంతో వినయంగా, "పీతగారూ!" అంది.

పీత వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ 'గారు' తనకే! పాపం, పుట్టి బుద్ధెరిగాక దాన్నెవరూ అలా పిలవలేదు.

"ఒళ్ళంతా ఉప్పు పేరుకుని చిరచిరలాడుతోందండీ. మీ నూతి దగ్గర కాస్త కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోతాను."

"అయ్యో, దానికేం భాగ్యం! గుమ్మంలోకొచ్చిన చుట్టానికి కాళ్ళకి నీళ్ళివ్వకపోతే ఎలా?" అంటూ పీత గట్టుకి చిన్న కన్నం పెట్టింది. బొటనవేలు పట్టేంత, అంతే.

సముద్రం బొటనవేలు పెట్టింది. తర్వాత పాదం పెట్టింది. "రెండో కాలు కూడానండీ," అంది. ఆ పైన సముద్రానికి ఎన్ని కాళ్ళున్నాయో పీతకి లెక్క తేలలేదు. అవన్నీ చేలోంచి నడిచెళ్ళి నూతిలో దిగాయి.

మర్నాడు అచ్చియ్యమ్మ గంజి నోట్లో పోసుకుని, "ఉప్పు డబ్బా బోర్లించావేంటే?" అని కోడలి మీద విరుచుకుపడింది.

"నేనసలు ఉప్పే వెయ్యలేదత్తయ్యా!" అంది కోడలు. గేదె కూడా కుడితి వాసన చూసి మూతి తిప్పేసుకుంది. చేలో వరి చివర్లు మాడిపోయి ఉన్నాయి. అచ్చియ్యమ్మ పరుగున గట్టెక్కి కన్నం చూసింది, పీతనీ చూసింది.

"చుట్టం కదా మామ్మా... నన్ను 'గారూ' అని పిలిచింది," అని నసిగింది పీత.

"నీ మర్యాద తగలెయ్య! దానికీ మనకీ చుట్టరికం ఎప్పట్నుంచిరా?"

ఇద్దరూ కలిసి కన్నం పూడ్చారు. గట్టి వాన పడి నూతినీళ్ళు మళ్ళీ తియ్యనయ్యాయి, సగం చేను బతికింది. మిగతా సగంలో ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. ఎన్ని బిందెలు పోసి కడిగినా పోలేదు. ఆ నేల చూసినప్పుడల్లా పీతకి ఏడుపొచ్చేది.

"ఇకనుంచి గట్టు మీద తిరిగేటప్పుడు సముద్రం మీంచి చూపు తిప్పావో, పులుసు పెట్టేస్తా!" అంది అచ్చియ్యమ్మ.

పీత గట్టు వెంట ఒక అడుగు ముందుకేసింది. మొహం సముద్రం మీంచి తిరిగిపోయింది. "పులుసు!" అని అరిచింది అచ్చియ్యమ్మ. పీత ఉలిక్కిపడి సముద్రం వైపు తిరిగింది. ఇప్పుడు ముందుకి నడిస్తే నీళ్ళలో పడుతుంది, వెనక్కి నడిస్తే చేలో పడుతుంది. ఎలా మరి? కాసేపు ఆలోచించి, మెల్లగా ఒక కాలు పక్కకి వేసింది.

అప్పటినుంచే పీత సముద్రాన్ని కళ్ళు పొడుచుకొచ్చేలా చూస్తూ పక్కకి నడుస్తోంది. మీరెంత మర్యాదగా "పీతగారూ!" అని పిలిచినా ఆగదు.