దయ్యానికి దారి

కుమ్మరి నూకాలుకి ఒళ్లు మండిపోతోంది. వానలు పడేలోగా ఇల్లు అమ్మేసి, మంచి మట్టి దొరికే ఊళ్లో కుండలు కాల్చే ఆవం పెట్టుకోవాలని ఆమె ఆశ. అందుకే గోడలకు సున్నం కొట్టింది, కప్పుకు కొత్త తాటాకు వేయించింది, నేలంతా అలికి ముగ్గులు పెట్టింది. ఏం లాభం? కొనడానికి వచ్చిన ప్రతివాడినీ పక్కింటి మునసబు గవర్రాజు పిలిచి, "ఆ ఇంట్లో దయ్యముందయ్యా, నా కళ్లతో చూశాను" అని చెప్పి పంపేస్తున్నాడు. ఎవరూ కొనకపోతే తానే కారుచౌకగా కొట్టేయాలని ఆయన ఎత్తు.

నాలుగో బేరగాడూ వెనుదిరిగేసరికి నూకాలు గునపం తీసుకుని, మునసబు పెరటి వైపున్న తన గోడను పొడవడం మొదలుపెట్టింది. చప్పుడుకి ఊరంతా పోగైంది. వెళ్లబోతున్న బేరగాడూ ఆగాడు.

"ఒసేయ్, ఏమిటే ఈ పని?" మునసబు గావుకేక పెట్టాడు.

"నా గోడే కదా బాబూ! దయ్యమున్న ఇల్లు ఎవరు కొంటారు? భూతవైద్యుణ్ణి పిలిచాను. అది బయటికి పోవడానికో దారి కావాలన్నాడు. వీధిలోకి వదిలితే పిల్లలు జడుసుకుంటారు. మీరైతే దాన్ని కళ్లారా చూసినవారు. మీ ఇంట్లో దానికి కొత్తగా ఉండదు."

"అది మనింట్లో కాలు పెడితే నేను పుట్టింటికి పోతాను!" లోపలి నుంచి మునసబు భార్య అరిచింది.

"దయ్యం లేదు, గియ్యం లేదు! నేనేమీ చూడలేదు!" అన్నాడు మునసబు, ఊరందరి ముందూ.

నూకాలు గునపం కింద పెట్టి బేరగాడి వైపు తిరిగింది.

"విన్నావుగా అన్నా, లోపలికి రా. ఈ కంత బేరం కుదిరాక పూడుస్తాను. ఈలోగా మునసబుగారికి మళ్లీ దయ్యం కనబడితే అవసరమవుతుంది."