గాజు తలుపు మీద ఏడు చేపలు

ఏమే, ఆ కాళ్ళు ఆడించడం ఆపి ఒక్కటి చెప్పు. కనబడని గాజు తలుపుకి పసిపిల్ల గుద్దుకుంటే తప్పు పిల్లదా, తలుపు పెట్టినవాళ్ళదా? ఊఁ, విను మరి.

అనగనగా ఒక ఊళ్ళో, బస్టాండు వెనక సందులో ఒక రేడియం కొట్టు. ఆటోల మీద, బళ్ళ మీద అంటించే రంగురంగుల స్టిక్కర్లు కోసే కొట్టన్నమాట. అది దస్తగిరి మామది. పక్కింట్లో కోమలి అని ఎనిమిదో క్లాసు పిల్ల. ఒక్కచోట నిలిచే రకం కాదు.

ఆ ఊరి లైబ్రరీకి కొత్తగా గాజు తలుపు పెట్టారు. తుడిచి తుడిచి మెరిపించారు. అప్పుడేమైంది? కోమలి చెల్లెలు లక్కీ, మూడేళ్ళది, పరుగెత్తుకెళ్ళి ఢీ కొట్టింది. పెదవి చిట్లింది. వెంటనే లైబ్రరీ సారు బోర్డు పెట్టేశాడు, పసిపిల్లలు లోపలికి రాకూడదని.

కోమలికి ఒళ్ళు మండింది. "తలుపు జోలికి పోరట, పిల్లల్ని మాన్పిస్తారట! తలుపు కనబడేట్టు చేస్తే రానిస్తారా?" అని సారుని నిలదీసింది.

"చెయ్యి చూద్దాం. ఆదివారం పదింటి దాకా టైము. మళ్ళీ ఎవరైనా గుద్దుకున్నారా, బోర్డు ఇక్కడే ఉంటుంది" అన్నాడాయన.

అప్పుడు కోమలి రేడియం కొట్టుకి పరుగెత్తింది. "మామా, స్టిక్కర్లు కోసే మిషను ఇవ్వు, తలుపు మీద అంటించడానికి చేపలు కోసుకుంటా!"

"ఇస్తా గానీ, ఆ తొందర చెప్పులతోపాటు బయట విడిచి రా."

విడిస్తేగా! కంప్యూటర్లో చేపలు గీసింది, మిషన్లో స్టిక్కరు షీటు పెట్టింది, త్వరగా తెగాలని కత్తి ఒత్తిడి పెంచేసింది. కత్తి స్టిక్కరుతోపాటు కింది కాగితాన్నీ కోసేసింది. చేపలన్నీ జలజలా నేల రాలాయి.

"ఇక పులుసు పెట్టుకో" అన్నాడు మామ.

ఆ తర్వాత ఒత్తిడి తగ్గించింది. ఈసారి పైపొర మాత్రమే తెగింది. చేపల చుట్టూ ఉన్న అక్కర్లేని భాగాన్ని సూదితో లేపి, మెల్లగా వంచి లాగాలి. మన పిల్ల ఒక్క గుంజు గుంజింది. తోకలన్నీ దాంతోపాటే ఊడొచ్చాయి. ఏడుపొచ్చేసింది దానికి.

"నేను మొదట్లో ఆంజనేయస్వామి తోకే పీకేశానమ్మా. ఆటోవాడు తిట్టని తిట్టు లేదు. కూర్చో, మళ్ళీ కొయ్యి" అన్నాడు మామ.

ఆ తర్వాత మూడోసారి. పళ్ళ బిగువున మెల్లగా పీకింది. చేపల మీద టేపు పరిచి రుద్ది, టేపుతో సహా ఎత్తింది. ఆదివారం పొద్దున్నే తలుపు తుడిచి అంటించింది. పాత కార్డుతో బుడగలన్నీ నొక్కేసి, టేపు తీసింది. ఏడు ఎర్రచేపలు! సారు కూడా "భేష్" అన్నాడు.

అప్పుడు లక్కీ పరుగెత్తుకొచ్చింది. ఆగలేదు. కోమలి మధ్యలోకి దూకి పట్టుకోబట్టి సరిపోయింది.

"చేపలు కనబళ్ళేదుటే?"

"ఏ చేపలక్కా?"

కోమలి మోకాళ్ళ మీద కూలబడి, చెల్లెలి తల పక్కన తల పెట్టి చూసింది. ఎదురుగా తలుపంతా ఖాళీ. చేపలు ఎక్కడో ఆకాశంలో! తన కళ్ళ ఎత్తున అంటించుకుంది మరి.

పది కావడానికి ఇంకా పావుగంటే. గోటితో ఒక్కో చేపనీ లేపసాగింది. కాళ్ళేమో పరుగెత్తుదామంటాయి, చేతులేమో ఆగమంటాయి. లక్కీని తలుపుకి ఆనించి నిలబెట్టి, దాని కళ్ళ ఎత్తున ఏడూ మళ్ళీ అంటించింది.

పదయింది. పిల్లలు బిలబిలమంటూ పరుగెత్తుకొచ్చారు. తలుపు ముందు టక్కున ఆగారు. "చేప! చేప!"

సారు బోర్డు తీసి చంకలో పెట్టుకుని, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కథేమో కంచికెళ్ళింది,
కునుకేమో కంటికొచ్చింది.

ఇక రేపు నీ పని విను. దారిలో బోసిగా ఉన్న గాజు తలుపు కనబడితే ఊరుకోకు. అక్కడి పెద్దవాళ్ళని పిలిచి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చూపించు. బొమ్మ అంటించేదాకా వదలకు.