మంత్రిగారి విడిది

ధర్మవైద్యశాలను పెద్దది చేస్తానని మంత్రి దండపాణి పాత శాలను పడగొట్టించాడు. కొత్తదానికి గోడలు లేచేసరికే ఖజానా ఇచ్చిన సొమ్ము అయిపోయింది. పనులు చూసుకోవడానికని ఆయన అన్నిటికంటే ముందు కట్టించుకున్న విడిదికి మాత్రం చల్లని పైకప్పు ఉంది. రోగులు ఎండలోనే పడివున్నారు.

బుట్టలల్లే మంగాయి, జ్వరంతో ఉన్న మొగుడికి కొంగు నీడ పట్టీ పట్టీ అలిసిపోయింది. రాజుగారు పనులు చూడ్డానికి వస్తున్నారని తెలిసి, అతన్ని వీపున వేసుకెళ్లి ఆ విడిదిలో మంత్రిగారి పరుపు మీద పడుకోబెట్టింది.

రాజు వెంట వచ్చిన మంత్రి మండిపడ్డాడు. "ఎవరి ఇల్లనుకున్నావే ఇది?"

"అదే తెలీక అడుగుతున్నా దొరా. వైద్యశాల సొమ్ముతో కట్టిందా, తమ సొంత సొమ్ముతోనా?"

రాజు కూడా మంత్రివైపు తిరిగాడు. సొంతమంటే అంత డబ్బు ఎక్కడిదని రాజు అడుగుతాడని మంత్రికి తెలుసు. గొంతు సవరించుకుని, "వైద్యశాల సొమ్మే" అన్నాడు.

"అయితే రోగిని సరైన చోటే పడుకోబెట్టాను."

రాజు నవ్వలేదు. మిగతా రోగుల్నీ లోపలికి చేర్చమన్నాడు. కొత్త శాలకు కప్పు పడేదాకా మంత్రిని ఎండలోనే నిలబడి పనులు చూసుకోమన్నాడు. భటులు రోగుల్ని మోసుకొస్తుంటే, మంగాయి గోడకు చేరగిలబడి, ఎవరికీ దణ్ణం పెట్టకుండానే నిద్రపోయింది.