పది లక్షల ఒకటి

పండితులు తేల్చి ఇచ్చిన లెక్కను రాయి కొట్టుకునే మనం మళ్ళీ తడిమి చూడడమెందుకు, వాళ్ళకన్నా మనకెక్కువ తెలుసా అని లింగన్న గురువును అడిగాడు. పన్నెండేళ్ళుగా కొండోజు దగ్గర ఉలి పట్టినవాడు, ఆమాత్రం చనువుంది. కొండోజుకేమో, తాను సరిచూడని అంకెను రాతి మీద చెక్కడమంటే చచ్చేంత అసహ్యం.

తన రాజ్యం ఏనాడూ ముక్కలు కాకూడదని, దేనితో భాగించినా శేషం మిగిలే పెద్ద అంకె ఒకటి కోట ద్వారం మీద చెక్కించాలని రాజుగారికి బుద్ధి పుట్టింది. నలుగురు పండితులు నలభై రోజులు ఆయన నేతిగారెలు తింటూ కూర్చుని, పది లక్షల ఒకటిని రెండు మొదలు నూరు దాకా భాగించారు. ఎక్కడా తెగలేదు. అంతే, ఆ అంకె వేసి, కింద 'అభేద్యం' అని చెక్కించమని తాటాకు మీద చేవ్రాళ్ళు చేసిచ్చారు. నూరు దాకా నడిచిన మహానుభావులకు ఇంకొక్క అడుగు బరువైపోయింది కాబోలు!

కొండోజు సుద్దముక్క చేతికిచ్చి, నూటొకటితో చూడమన్నాడు. లింగన్న బండ మీద భాగహారం వేశాడు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి వచ్చింది, శేషం సున్న. మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే.

మధ్యాహ్నం పెద్ద పండితుడు సోమయాజి వచ్చాడు. 'అభేద్యం' అన్న మాట నేను చెక్కనని కొండోజు చెప్పేశాడు. సోమయాజి లింగన్న వైపు తిరిగాడు. నువ్వు చెక్కితే ఆస్థాన శిల్పివి నువ్వే, అయిదెకరాల మాన్యం నీదే, కాదంటే పొద్దుగూకేలోగా ఇద్దరూ ఊరు విడవండి అన్నాడు. లింగన్నకు ఆశ పుట్టిన మాట నిజం. పుట్టి బుద్ధెరిగాక సొంతమని అడుగు నేల ఎరగనివాడు, ఇంట్లో నెలలు నిండిన భార్య. గురువు వైపు చూస్తే ఆయన ఉలులు తుడుచుకుంటున్నాడు. సోమయాజి మాత్రం పక్కనే ఉన్న బండ మీద లెక్కకేసి ఒక్కసారైనా వంగి చూడలేదు. చూస్తే ఆయన సొమ్మేం పోయింది? అక్కడే లింగన్నకు ఒళ్ళు మండింది.

"స్వామీ, అది నూటొకటికి తెగుతుంది. తెగదని నా చేత్తో చెక్కను."

"నలుగురం చూసి చెప్పామయ్యా."

"నలభై మంది చెప్పినా తెగుతుంది."

సాయంత్రం మూటాముల్లే సర్దుకుని, లింగన్న భార్యను బండెక్కించి, ఆ ద్వారం గుండానే బయల్దేరారు. పొరుగూరి నుంచి పిలిపించిన శిల్పి ఎవడో పైన పరంజా ఎక్కి అప్పుడే అంకె చెక్కేస్తున్నాడు. లింగన్నకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మనం వీధిన పడ్డాం, అబద్ధం రాతికెక్కి కూర్చుంది, ఏం సాధించినట్టు అన్నాడు.

కొండోజు తలెత్తి ఆ అంకెను తనివిదీరా చూశాడు.

"చెక్కుకోనీరా. దీని కింద రోజూ నడిచే జనంలో భాగహారం వచ్చినవాడు ఒక్కడైనా ఉండకపోడు."