గుండ్లకోన ఏనుగమ్మ వైపు నుంచి కోట యుద్ధం

నల్లమల అడవి అంచున, గుండ్లకోన కొండమీద ఒక పాడుబడిన కోట ఉంది. ఆ కోట వాకిట్లోనే పైకప్పు లేని చిన్న గుడిలో ఏనుగమ్మ వెలసింది. కింది ఊరి నుంచి మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కాలి. పైన నీళ్లు దొరకవు గనుక యాత్రికులు వెంట తెచ్చుకోవాలి. అమ్మవారిది నల్లరాతి ఆడ ఏనుగు విగ్రహం. దంతాలు ఉండవు, తల వంచి నేలను చూస్తూ ఉంటుంది. నుదుట అయిదు గుంటలు ఉన్నాయి. భక్తులు ఆ గుంటల్లో వెన్న పెడతారు.

మెట్ల మొదట్లో ఒక శాసనం కనిపిస్తుంది. "శ్రీమన్మహారాజుగారు తమ భుజబలముచేత మూడవనాటికి ఈ దుర్గమును సాధించిరి" అని అందులో ఉంది. ఆ మూడు నాళ్లూ ఆ భుజాలు కోసెడు దూరాన డేరాలో దిండుకు ఆనుకొని ఉన్నాయి. మా వంశం మావటివాళ్లది. కోటను నిజంగా పడగొట్టిన ఏనుగు మెడమీద కూర్చున్నవాడు మా మూలపురుషుడు సిద్ధప్ప. కనుక ఈ పుస్తకంలో చరిత్రను ఏనుగు వైపు నుంచి రాస్తున్నాను. నచ్చని పండితులు శాసనమే చదువుకోవచ్చును.

పూర్వం ఇక్కడ ఒక పాలెగాడు ఉండేవాడు. ఆయన ఏనుగుల శాలలో చెంగల్వ అనే ఆడ ఏనుగు పుట్టి పెరిగి, అక్కడే ఒక గున్నను ఈనింది. గున్నకు పొన్న అని పేరు పెట్టారు. పొన్న ఇంకా పాలు మరవకముందే పాలెగాడికి దిగువ దేశపు రాజుతో సంధి కుదిరింది. సంధికి గుర్తుగా రాజు ఒక ఏనుగును అడిగాడు. పాలెగాడు తల్లిని పంపి పిల్లను ఉంచుకున్నాడు. సిద్ధప్ప చెంగల్వతో వెళ్లాడు. అతని భార్య ఓబులమ్మ పొన్నకు రాగి అంబలి పోసి సాకుతూ కోటలోనే ఉండిపోయింది.

రాజుల సంధులు పండుగ బట్టల వంటివి, ఎక్కువ రోజులు ఒంటిమీద ఉండవు. రెండేళ్లు తిరగకుండానే ఇద్దరికీ చెడింది. రాజు సేనతో వచ్చి కోటను చుట్టుముట్టాడు. తలుపు పగలగొట్టడానికి ఏనుగు కావాలి. ఈ కొండదారి తెలిసిన ఏనుగు చెంగల్వ ఒక్కతే.

కోట తలుపుకు ఏనుగు నుదురు తగిలే ఎత్తున జానెడేసి ఇనుప మేకులు ఉండేవి. మొదటినాడు చెంగల్వకు సారా పట్టించి తోలారు. మేకుల దాకా వచ్చి వెనుదిరిగింది. రెండవనాడు అంకుశంతో పొడిపించారు. అయినా వెనుదిరిగింది. ఎవరి రాజ్యం ఎవరికి పోతే దానికేమిటి? ఇంకొక్కనాడు అలాగే గడిచి ఉంటే రాజు విసిగి డేరాలు పీకించేవాడని సిద్ధప్ప చెప్పేవాడట.

వినాశకాలే విపరీతబుద్ధి అన్నారు. ఆ రాత్రే పాలెగాడికి ఒక ఉపాయం తోచింది. తెల్లవారగానే పొన్నను తెచ్చి తలుపు వెనకే కట్టేయమన్నాడు. బిడ్డ వాసన తగిలితే తల్లి ఆ వైపు అడుగు వేయదని ఆయన నమ్మకం. ఓబులమ్మ పరుగున వచ్చి కాళ్లమీద పడింది.

"అట్ల కట్టొద్దు దొరా. బిడ్డ ఉండాదని తెలిస్తే అది ఆగదు. తోసుకోని వస్తాది."

"బిడ్డను తొక్కే తల్లి ఉంటాదా యాడన్నా? యుద్ధం సంగతి నీకేం తెలుసే?"

"యుద్ధం నాకు తెల్దు దొరా. చెంగల్వ తెలుసు."

ఆమెను పక్కకు లాగేశారు. పొన్నను గొలుసుతో కట్టారు.

గొలుసు అలవాటు లేని పిల్ల ఘీంకరించింది. కొండ సగంలో ఉన్న చెంగల్వ తొండం ఎత్తి నిలబడింది. ఆ గొంతు సిద్ధప్ప కూడా గుర్తుపట్టాడు. పిల్ల లోపల ఎక్కడో శాలలో ఉందనుకున్నాడే గాని, తలుపుకు ఆనించి కట్టి ఉంటారని అనుకోలేదు. వంగి చెవిలో, "పదమ్మా, నీ బిడ్డ కాడికే పోదాం" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన బతికినన్నాళ్లూ ఏడ్చాడు.

ఆనాడు అంకుశంతో పని పడలేదు. మొదటి పోటుకు అయిదు మేకులు నుదుట దిగాయి. రెండో పోటుకు గడియమాను విరిగి, తలుపు మొత్తంగా లోపలికి కూలింది. పొన్న గొంతు ఆగిపోయింది.

చెంగల్వ తలుపు అంచు కింద తొండం దూర్చి ఎత్తసాగింది. జానెడు లేచింది. అంతలో సేన వచ్చిపడింది. వందలమంది ఆ తలుపు మీదుగానే లోపలికి ఉరికారు. అది ఎత్తుతూనే ఉంది, వాళ్లు తొక్కుతూనే ఉన్నారు. సిద్ధప్ప కిందికి దూకి, "దిగండయ్యా, కింద పిల్ల ఉండాది" అని మొత్తుకున్నాడు. వినేవాడెవడు? చివరికి మహారాజుగారు పల్లకీలో వచ్చి, ఆయనా ఆ తలుపు మీదుగానే వెళ్లారు. ఈ విజయంలో ఆయన స్వయంగా చేసిన పని అదొక్కటే.

చెంగల్వ అక్కడి నుంచి కదలలేదు, మేత ముట్టలేదు. తొమ్మిదోనాడు ప్రాణం విడిచింది. సేన వెళ్లిపోయాక ఒకనాడు ఓబులమ్మకు కలలో కనిపించింది. దేవతలు కలలో వచ్చి గుడి అడుగుతారు, జాతర అడుగుతారు. ఇది అవేమీ అడగలేదు. "కొంచెం ఎత్తమ్మా" అంది. మర్నాడే ఓబులమ్మ ఊళ్లోకి దిగి నలభైమందిని తెచ్చింది. తలుపు ఎత్తారు. కింద ఏమి చూశారో మా పెద్దలు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాటి నుంచి ఏటా వైశాఖంలో అదే తిథినాడు ఉదయం తలుపు ఎత్తుతున్నాం. చెక్క పుచ్చినప్పుడల్లా ఊరి వడ్రంగులు కొత్తది చేస్తారు. మేళతాళాలు ఉండవు. నలభైమంది మగవాళ్లు మోకాలెత్తుకు లేపి పట్టుకుంటారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు వంగి కిందికి చూస్తారు.

ఇటువంటి పుస్తకాల చివర ఫలశ్రుతి రాయాలి. సంతానం కలుగును, సకల బాధలు తొలగును అని రాయడానికి నాకు చేయి రాదు. తన బిడ్డనే దక్కించుకోలేని అమ్మ మన బిడ్డలను ఎక్కడినుంచి తెస్తుంది? అయినా జనం వస్తూనే ఉన్నారు.

కిందటి ఏడు తిమ్మక్క అనే ఆవిడ వచ్చింది. నాలుగేళ్ల కూతురు జ్వరంతో పోయి నెల కూడా కాలేదు. అందరూ చూసి లేచినా ఆమె లేవలేదు. నేను దగ్గరికి వెళ్లి, "ఏమీ లేదు తల్లీ, ఒట్టి మన్నే" అన్నాను.

"తెలుసు సామీ," అంది తల ఎత్తకుండానే. "ఇంకొంచేపు పట్టుకోమని చెప్పు."

చెప్పాను. నలభైమందీ చేతులు వణికేదాకా పట్టుకున్నారు. తరువాత దించక తప్పలేదు.